గోడ మీద చివరి మనిషి

రాధారాణి నీలంరంగు పొడిలో నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఐస్‌క్రీం పుల్లతో కలుపుతోంది. ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. మరీ పల్చన చేస్తే ఆరాక కాగితం మీద మరక తప్ప రంగు మిగలదు. దోసెల పిండికి ఒక జారు ఉన్నట్టే దీనికీ ఒకటుంది. ఏడేళ్లుగా కలుపుతున్న చెయ్యి కాబట్టి చూడకుండానే తెలుస్తుంది. నీలం అయ్యాక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఆఖరున బూడిదరంగు. కప్పుకేకులు చేసుకునే పాత ట్రేల గుంటల్లో ఒక్కొక్క రంగునూ సగందాకా పోసి, ఆరిపోకుండా పైన తడిగుడ్డ కప్పింది.

కిటికీ అవతల పిల్లల్ని దింపే కార్లు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. ముందు బ్యాగు కిందపడుతుంది, తర్వాత పిల్ల దిగుతుంది, తలుపు మూసుకుంటుంది, కారు పోతుంది. రెండువేల తొమ్మిది మార్చి నెల అది. జనవరి నుంచి ఆ వరసలో కార్లు కొన్ని తగ్గాయి. తగ్గినవాటి గురించి ఎవరూ మాట్లాడుకోరు.

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ ఊళ్లో, రైలుపట్టాలకు ఇటువైపున్న ఆ ఎలిమెంటరీ స్కూల్లో రాధారాణి ఎయిడ్. అంటే టీచరు పక్కన ఉండే మనిషి. రంగులు కలపడం, కాగితాలు కత్తిరించడం, లెక్క అర్థంకాని పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చోవడం, వాంతి చేసుకున్న పిల్లను నర్సు గదికి నడిపించడం ఆమె పని. యాభైమూడేళ్లు. ఐదడుగులకు అంగుళం తక్కువ. ఏ కాలమైనా కుర్తా మీద అదే బూడిదరంగు స్వెటర్, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, దాని పక్కనే బ్యాడ్జి. బ్యాడ్జిలో పేరు మొత్తం పట్టలేదని 'రాధా ఆర్.' అని వేశారు. గోళ్ల అంచుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు మిగిలిపోతుంది. ఆమె భర్త మల్లికార్జునరావు రాత్రి భోజనాల దగ్గర ఆ వేళ్లు చూసి, "ఇవాళ పచ్చరంగు పాఠమా?" అంటాడు. ఆ ఇంట్లో బడి గురించి జరిగే సంభాషణ ఇంచుమించు అంతే. కూతురు శ్రీవిద్య శాన్‌డియాగోలో చదువుకుంటోంది. ఆదివారం ఫోన్ చేస్తుంది.

ప్రతి ఏడూ క్లాసు ఫొటో తీస్తారు. ఏడు ఫొటోల్లో రెండింటిలోనే రాధారాణి ఉంది. తక్కిన ఐదుసార్లూ ఫొటోగ్రాఫర్ వచ్చేసరికి ఆమె ఏ వాకిట్లోనో ఏ పిల్ల ముక్కో తుడుస్తూ ఉండిపోయింది. ఎవరూ పిలవలేదు. ఆమె కూడా తర్వాత అడగలేదు.

ట్రేలు రెండు చేతులతో పట్టుకుని, మోచేత్తో తలుపు నెట్టి నాలుగో తరగతి గదిలోకి వచ్చింది. మిస్ కార్మోడీ అప్పటికే బల్ల దగ్గర నిలబడి ఉంది. పొడుగాటి మనిషి, నలభైదాటిన వయసు, ఎర్రజుట్టు పెన్సిలుతో ముడేసుకుంటుంది. ఆ పెన్సిలు ఇప్పుడు చేతిలో ఉంది, జుట్టు భుజాల మీద ఉంది. మనసు బాగోలేనప్పుడు అలా ఉంటుంది.

"ఇవాళే ఆఖరు, రాధా," అంది. "ప్రిన్సిపాల్ కబురుపెట్టారు. వచ్చే వారం నుంచి స్టేట్ టెస్టులు అయిపోయేదాకా గురువారం గంట కూడా రీడింగ్ ప్రాక్టీసుకే. సోషల్ స్టడీస్ టెస్టులో లేదు కదా అన్నారు. బొమ్మలు అసలే లేవు."

"గోడ?"

"ఇవాళ అయితే అయినట్టు. లేకపోతే ఉన్నంతవరకే."

ఇద్దరూ వెనకగోడ వైపు చూశారు. ఇరవై రెండడుగుల బ్రౌన్ పేపరు, ఈ మూలనుంచి ఆ మూలదాకా. జనవరిలో మొదలుపెట్టారు. తమ ఊరి కథను పిల్లలు పుస్తకంలో చదివి వదిలేయకుండా గోడ మీద గీయాలని మిస్ కార్మోడీ ఆలోచన. ఎడమచివర వాగు, రెల్లు పడవలు. తర్వాత పాతకాలపు మిషన్ చర్చి గోడలు, ఉప్పుమడులు, రైలుదారి. ఆపైన ఆప్రికాట్ తోటలు, పండ్లను డబ్బాల్లో నింపే షెడ్డు, కార్ల ఫ్యాక్టరీ. కుడిచివర అద్దాల ఆఫీసులు. ఇరవై ఎనిమిదిమంది పిల్లలు, చీటీలు తీస్తే ఒక్కొక్కరికి ఒక కాలం వచ్చింది. ఆ కాలంలో ఈ ఊళ్లో పనిచేసిన మనిషినొకణ్ణి జానెడెత్తున గీసి, రంగులేసి, కత్తిరించి అంటించాలి. కింద ఆ మనిషే మాట్లాడుతున్నట్టు ఒక చీటీ: ఎక్కణ్ణుంచి వచ్చాను, ఏం పని చేస్తాను, నా రోజులో ఒక సంగతి. రాజులూ గవర్నర్లూ కుదరదు. కష్టపడి పనిచేసినవాళ్లే కావాలి.

ఒక పిల్ల రైలుపట్టాలు వేసిన చైనా మనిషిని గీసింది. 'నా రోజులో ఒక సంగతి: టీ చల్లారిపోయింది' అని రాసింది. ఇంకో పిల్ల, పందొమ్మిదివందల నలభై రెండులో పువ్వుల తోట వదిలి యుద్ధకాలపు నిర్బంధ శిబిరానికి వెళ్లాల్సి వచ్చిన జపాను రైతును గీసి, అతని చేతిలో నీళ్లగొట్టం పెట్టింది. ఎందుకని అడిగితే, వెళ్లేముందు మొక్కలకు నీళ్లు పెట్టి ఉంటాడు కదా అంది. ఆ మాట విన్నరోజు రాధారాణి ఇంటికి వెళ్లేదారిలో కారు పక్కకు తీసి ఆపి కాసేపు కూర్చుంది.

ఎందుకంటే ఆమె కూడా ఒకప్పుడు సోషల్ టీచరే. పెళ్లికి ముందు, ఒంగోల్లో, ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లు. ప్లాస్టిక్ అచ్చుతో భారతదేశం పటం గీయించి రేవుపట్టణాలు గుర్తుపెట్టించడం, గైడులో ఉన్న ప్రశ్నలకు గైడులో ఉన్న జవాబులు బట్టీపట్టించడం. ఒక్కసారి మాత్రం, ఒకే ఒక్కసారి, ఏడో తరగతి పిల్లలతో వరండాలో మట్టి తెచ్చి పోసి కృష్ణా డెల్టా చేయించింది. చెంబుతో నీళ్లు పోస్తే పాయలు పాయలుగా విడిపోయి పారాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు వచ్చి, వరండా ఎవరు కడుగుతారని అడిగాడు. ఆమే కడిగింది.

అమెరికా వచ్చాక తొమ్మిదేళ్లు డిపెండెంటు వీసా మీద ఇంట్లోనే ఉంది. ఒంగోలు నుంచి అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏం చేస్తున్నావే?" అని అడుగుతుంటే, ఒకరోజు విసుగొచ్చి, "ఇక్కడ బళ్లో టీచరుగా చేరానమ్మా," అనేసింది. ఆ రోజుకు ఆమె ఇక్కడ ఏ బడిలోనూ పనిచేయలేదు. తర్వాత గ్రీన్‌కార్డు వచ్చి, నిజంగానే బడిలో చేరినప్పుడు, ఎయిడ్ అని ఎలా విప్పి చెప్పాలో తెలియక ఆ మాట అలాగే ఉంచేసింది. నాలుగేళ్ల కిందట అమ్మ పోయింది. సంతాపసభలో ఎవరో, ఆవిడ కూతురు అమెరికాలో పెద్ద టీచరని మైకులో చెప్పారట. చెల్లెలు గొప్పగా చెప్పింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, పన్నెండూ యాభైకి, పిల్లలు బిలబిలమంటూ రంగుల దగ్గరకు వచ్చారు. ఇవాళే ఆఖరని తెలియగానే ఎవరి ముక్క వాళ్లు పూర్తిచేసే ఆత్రంలో పడ్డారు. రాధారాణి బల్లల మధ్య వంగి నడుస్తూ, జిగురు ఎక్కువైన చోట తుడుస్తూ, ఆరిన మనుషుల్ని చుట్టూ కత్తిరిస్తూ, గోడకు అంటించినవాళ్లను అరచేత్తో అదుముతూ తిరుగుతోంది. నడుము నొప్పిపెడుతోంది.

కిటికీ పక్క బల్ల దగ్గర జాహ్నవి ఒక్కతే కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లుంటాయి. బక్కపల్చటి పిల్ల, రెండు జడలు, ముందు పన్ను ఒకటి సగం వచ్చింది. రెండేళ్లప్పుడు హైదరాబాదు నుంచి వచ్చింది. చీటీలో ఆమెకు వచ్చింది ఆఖరి కాలం, 'ఇప్పుడు'. అద్దాల ఆఫీసుల పక్కన ఖాళీగా ఉన్న జానెడు చోటు ఆమెదే.

రాధారాణి కళ్లజోడు పెట్టుకుని చూసింది. ఆఫీసు లేదు. ఎర్రకారు ఉంది. కారు కిటికీలో ఒక మనిషి, ఒళ్లో లాప్‌టాప్, మెడలో బ్యాడ్జి. బ్యాడ్జి మాత్రం చాలా శ్రద్ధగా గీసింది, అందులో గోరంత మొహం కూడా ఉంది. కారు ముందు నీళ్లు. నీళ్ల అంచున రెండు బాతులు. కింద చీటీలో గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు: 'నేను ఇండియా నుంచి వచ్చాను. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. నా ఆఫీసు నా కారు. మధ్యాహ్నం బాతులు వస్తాయి.'

"ఇదెవరమ్మా?" రాధారాణి గొంతు తగ్గించి తెలుగులో అడిగింది.

"నాన్న."

"నాన్న ఆఫీసులో కదా చేస్తారు?"

జాహ్నవి అటూ ఇటూ చూసింది. "ముందు. ఇప్పుడు ఆఫీస్ కార్‌లో ఉంది ఆంటీ. లేక్ దగ్గర. మినిమమ్ డే రోజు, స్కూల్ త్వరగా వదిలేశారు, నానమ్మా నేనూ వాక్ వెళ్లాం కదా, అప్పుడు చూశాను. నాన్న స్లీప్ కాదు, టైప్ చేస్తున్నాడు. నానమ్మ చూడలేదు." కుంచె నీళ్లలో ముంచి తిప్పింది. "మార్నింగ్ టై కూడా పెట్టుకుంటాడు. నానమ్మకి చెప్పొద్దు, ఓకే?"

"నువ్వు ఎవరికైనా చెప్పావా?"

"లేదు. ఇది ట్రూ ఉండాలి అని మిస్ కార్మోడీ చెప్పింది. అందుకే గీశాను."

రాధారాణి గోడ వైపు చూసింది. నానమ్మ రాజేశ్వరమ్మ రోజూ రెండూ నలభై అయిదుకి గేటు దగ్గరకు వస్తుంది. నేతచీర మీద కొడుకు స్వెటర్, కాళ్లకు తెల్ల బూట్లు. సోమవారం నాడే గేటు దగ్గర ఆపి మాట్లాడింది. "మావాడికి ఊపిరాడదమ్మా, పొద్దున పోతే మళ్లీ దీపాలు పెట్టాకే. అంత పెద్ద ఆఫీసు మరి," అంది. తల్లిదండ్రులు బడి చూడటానికి వచ్చే ఓపెన్ హౌస్ నాడు ఈ గోడను ఊరంతా చూస్తుంది. వాళ్లుండే ఒక్క అపార్టుమెంటు కాంప్లెక్సు నుంచే పదిహేను తెలుగు కుటుంబాలు వస్తాయి. చీటీలు వంగి వంగి చదువుతారు. ఫొటోలు తీస్తారు.

మిస్ కార్మోడీకి చెప్పొచ్చు. చెబితే ఆమె పిల్లతో మాట్లాడుతుంది, కౌన్సెలర్‌ను పిలుస్తుంది, ఇంటికి ఫోన్ వెళ్తుంది. ఆ ఫోన్ ఎత్తేది నానమ్మే. చెప్పకుండా ఊరుకోనూవచ్చు. ఊరుకుంటే గోడే చెప్పేస్తుంది. టైము ఒకటీ ఇరవై.

"జానూ, నాన్నని ఆఫీసులోనే పెడదామా? చాలా ఏళ్లు అక్కడే చేశారు కదా. అదీ నిజమే."

పిల్ల ఆలోచించింది. కుంచె బల్ల మీద పెట్టేసింది. పెద్దవాళ్లు అలా అడిగినప్పుడు అది అడగడం కాదని ఆ పిల్లకు తెలుసు.

రాధారాణి కుంచె తీసుకుంది. బూడిదరంగులో ముంచి కారు మీద పూసింది. ఎరుపు మీద బూడిద ఒక పూతకు ఆగలేదు, రెండోది వేసింది. చక్రాలు పోయాయి. నీళ్లు పోయాయి. బాతుల దగ్గర చెయ్యి ఒక క్షణం ఆగింది, తర్వాత వాటి మీదుగా కూడా లాగేసి నేల చేసింది. మనిషి ముందు నల్లగా ఒక బల్ల గీసింది, వెనక నీలంతో కిటికీ. చకచకా అయిపోయింది. మంచి చెయ్యి ఆమెది. పక్క పిల్ల తొంగిచూసి, "వావ్, మిస్ రాధా!" అంది.

జాహ్నవి కొత్త చీటీ రాసింది. 'నేను పెద్ద ఆఫీసులో పనిచేస్తాను. నాకు మీటింగులు ఉంటాయి.' పాత చీటీని తనే ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది. తర్వాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బొమ్మ వైపు చూసింది.

"అయితే ఇదెవరు ఆంటీ?"

"నాన్నే కదమ్మా."

"ఓకే," అంది జాహ్నవి.

రాధారాణి ఆ బొమ్మను చుట్టూ కత్తిరించి, వెనక జిగురు రాసి, గోడ మీద ఖాళీచోట అంటించింది. అరచేత్తో అదిమింది. ఇరవై రెండడుగుల గోడ పూర్తయింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మిస్ కార్మోడీ జుట్టు ముడేసుకుని పెన్సిలు గుచ్చుకుంది.

రెండు కావస్తుండగా గోడకున్న ఫోన్ మోగింది. బడి ఆఫీసు నుంచి. జాహ్నవిని సామానుతో సహా పంపమన్నారు, వాళ్ల నాన్న వచ్చాడు. మిస్ కార్మోడీ ఫోన్ పెట్టేసి, రాధారాణి దగ్గరకు వచ్చి మెల్లిగా చెప్పింది. "ఆ కుటుంబం వెళ్లిపోతోందట. ఇవాళే. పేపర్లు సంతకం చేస్తున్నారు. నువ్వు తీసుకెళ్తావా?"

ఆఫీసు వరండాలో ఆంజనేయప్రసాద్ నిలబడి ఉన్నాడు. నలభైలోపు మనిషి. గడ్డం నున్నగా గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు, కళ్లకింద మాత్రం చారలు. రాధారాణిని చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"నమస్తే అండీ. మీరు రాధారాణిగారు కదా. అమ్మ చెబుతుంటుంది."

"అయ్యో, ఉన్నట్టుండి..."

"ఫిబ్రవరిలోనే లే ఆఫ్ అయిందండీ. ఇంకో కంపెనీవాళ్లు వీసా ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేస్తామని ఐదు వారాలు తిప్పారు. మొన్న ఫోన్ చేసి, పొజిషన్ క్లోజ్ అయిందన్నారు. ఇంక వీసా స్టేటస్ లేకుండా ఉండటం మంచిది కాదని లాయర్ చెప్పాడు. ఈవెనింగ్ ఫ్లైట్." కూతురి బ్యాగు అందుకుని భుజానికి వేసుకున్నాడు. అది చిన్నది, గులాబీరంగు. "అమ్మకి ఎలా చెప్పాలో తెలీక రోజూ ఆఫీసుకని బయల్దేరేవాణ్ణి. నిన్న ధైర్యం చేసి చెబితే, నాకు తెలుసురా అంది."

"తెలుసా?"

"లేక్ దగ్గర కారు చూసిందటండీ, ఒకరోజు వాకింగ్‌కి వెళ్లినప్పుడు. పాప చూడకుండా బాతుల వైపు తిప్పిందట. నేను చెప్పేదాకా అడగకూడదని ఊరుకుందట."

జాహ్నవి తలెత్తి తండ్రి వైపు చూసింది. "ఐ సా యూ టూ, నాన్నా," అంది.

అతను కూతురి తలమీద చెయ్యి పెట్టాడు, తీయలేదు.

సోమవారం గేటు దగ్గర రాజేశ్వరమ్మ చెప్పిన మాటలు రాధారాణికి మళ్లీ వినిపించాయి. అప్పటికే ఆవిడకు అంతా తెలుసు. తెలిసే చెప్పింది.

"ఒక్క నిమిషం టైముందండీ," అన్నాడు అతను. "గోడ మీద నా బొమ్మ వేస్తున్నానని రెండు వారాల్నుంచి చెబుతోంది. చూడొచ్చా?"

వద్దనడానికి కారణం వెతికింది. దొరకలేదు. ముగ్గురూ నడిచి గది తలుపు దగ్గరకు వచ్చారు. లోపల పిల్లలు కుంచెలు కడుగుతున్నారు. తలుపుకున్న అద్దంలోంచి గోడ ఈ చివరనుంచి ఆ చివరదాకా కనిపిస్తోంది.

"ఏదమ్మా?"

జాహ్నవి వేలు చూపించింది. "లాస్ట్."

ఆంజనేయప్రసాద్ చాలాసేపు చూశాడు. "ఆఫీసులో ఉన్నానే!" అని నవ్వబోయాడు.

"ఆఫీస్ నేను వేయలేదు. ఆంటీ వేశారు. నేను కార్ వేశాను. లేక్. టూ డక్స్."

అతను రాధారాణి వైపు తిరిగాడు. ఆమె చేతుల మీద ఇంకా బూడిదరంగు ఉంది. స్వెటర్ జేబుల్లో దాచుకోవాలనిపించింది, దాచుకోలేదు.

"అందరూ చూస్తారని..." అంది. "మీవాళ్లందరూ వస్తారు కదా అని."

"అర్థమైందండీ. థాంక్సండీ," అన్నాడతను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అన్నాడు. తర్వాత మళ్లీ అద్దంలోంచి చూస్తూ, "లంచ్‌లో చపాతీ ముక్కలు వేసేవాణ్ణి వాటికి. చూసుంటే బాగుండేది," అన్నాడు.

పార్కింగ్‌లో రాజేశ్వరమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది. కారు వెనకంతా సామాను. జాహ్నవి తల్లి చివరి పెట్టెలు సర్దుతూ ఇంటిదగ్గరే ఉందట. రాధారాణిని చూసి ఆవిడ అద్దం దించింది. ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "వస్తామమ్మా," అంది. జాహ్నవి వెనక పెట్టెల మధ్య ఇరుక్కుని కూర్చుని చెయ్యి ఊపింది. కారు, పొద్దుటి వరస లేని ఖాళీ రోడ్డు మీద మెల్లగా వెళ్లి కుడివైపు తిరిగింది.

రాధారాణి గదిలోకి వచ్చేసరికి పిల్లలు గ్రంథాలయానికి వెళ్లారు. మిస్ కార్మోడీ ఒక్కతే కాగితాలు దిద్దుకుంటోంది. రాధారాణి సింకు దగ్గరకు వెళ్లి స్పాంజి తడిపి, నీళ్లు పిండి, గోడ చివరకు నడిచింది. బూడిదరంగు మీద మెత్తగా అద్దింది. ఇవి నీటిరంగులు, తడి తగిలితే మళ్లీ కరుగుతాయి. బూడిద కదిలింది, కింద ఎరుపు కొద్దిగా పైకి వచ్చింది. మళ్లీ అద్దింది. కారు పైకప్పు వచ్చింది, ఒక చక్రం వచ్చింది, వాటితోపాటు అంతా కలిసి బురదరంగు అవుతోంది. ఇంకా గట్టిగా రుద్దితే కాగితం లేచిపోతుంది.

"రాధా, ఏం చేస్తున్నావ్?"

ఆమె వెనక్కి తిరగలేదు. 

"ఇది జాహ్నవి వేసింది కాదు, మిస్ కార్మోడీ. నేను మార్చాను. ఆ అమ్మాయి నిజం వేసింది. వాళ్ల పరువు పోతుందని నేను దానిమీద రంగు పూశాను. మీరు వేరే పిల్లకు పెన్సిలు చెక్కుతున్నారు, మీకు చెప్పలేదు."

చెత్తబుట్ట దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. రంగు కాగితాలు, పెన్సిలు పొట్టు, నారింజతొక్కలు తీసి పక్కన పెట్టింది. ఉండచుట్టిన చీటీ దొరికింది. బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. మిస్ కార్మోడీ వచ్చి పక్కన నిలబడి చదివింది. రెండుసార్లు చదివింది.

"వాళ్ల నాన్న చూశాడా ఇది?"

"చూడలేదు. చూడాలని అడిగాడు."

మిస్ కార్మోడీ చీటీ అంచు వేలితో సరిచేసింది. కోపం వచ్చిందో, దుఃఖం వచ్చిందో రాధారాణికి తెలియలేదు. "ఏడేళ్లుగా ఈ గదిలో ఉన్నావు," అంది చివరికి. "ఒక్కసారి నన్ను అడిగి ఉండాల్సింది." జిగురుసీసా తీసి ఆమె ముందు పెట్టి, వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

రాధారాణి కొత్త చీటీ ఊడదీసి, ముడతలు పడ్డ పాత చీటీ అంటించింది. మధ్యాహ్నం బాతులు వస్తాయి. బాతులు ఉండాల్సిన చోట మాత్రం బూడిదమరక ఉంది. ఎంత అద్దినా అవి తిరిగిరాలేదు. రెండు బాతులు గీయడం ఆమెకు ఒక నిమిషం పని. కుంచె చేతిలోకి తీసుకుని, మళ్లీ నీళ్లడబ్బాలో పెట్టేసింది.

అక్కడే నిలబడి ఉండగా అమ్మ గుర్తొచ్చింది. ఆరేడేళ్లపాటు, ప్రతి ఆదివారం, ఫోన్లో "బడి ఎలా ఉంది? పిల్లలు మాట వింటున్నారా?" అని అడిగేది అమ్మ. ఏ క్లాసుకు చెబుతున్నావని ఒక్కసారీ అడగలేదు. ఏ సబ్జెక్టని అడగలేదు. జీతమెంతని అడగలేదు. తను పదో తరగతి దాకానే చదువుకున్నా, కూతుళ్లిద్దరి హోంవర్కూ వరస తప్పకుండా చూసిన మనిషి, అది అడగడం మర్చిపోయి ఉంటుందా? ఇంతకాలం ఆ సంగతి తనకు తోచనే లేదు. రాధారాణి గోడకు చెయ్యి ఆనించింది. అరచేతికి తడిగా తగిలింది.

రెండూ నలభై అయిదుకు బెల్లు కొట్టారు. గ్రంథాలయం నుంచి వచ్చిన పిల్లలు బ్యాగులు తీసుకుని, తోసుకుంటూ, గోడ వైపు ఒకసారి చూసి, పరుగెత్తారు. "మిస్ రాధా, జాహ్నవి రేపు వస్తుందా?" అని ఒక పిల్ల అడిగింది. రాదమ్మా అంది. ఎందుకని ఆ పిల్ల అడగలేదు, బస్సు వచ్చింది. రాధారాణి గేటు దగ్గరకు వెళ్లి రోజూలాగే నిలబడింది. పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎవరి చేతికి వాళ్లను అప్పగించింది. తెల్లబూట్లు నిలబడే చోటు ఖాళీగా ఉంది.

తిరిగి వచ్చి ట్రేలు కడిగింది. రంగులన్నీ కలిసి సింకులో మట్టినీళ్లలా తిరిగి పోయాయి. కుంచెలు వెంట్రుకలు పైకి వచ్చేలా సీసాలో నిలబెట్టింది. మిస్ కార్మోడీ కోటు వేసుకుని తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఓపెన్ హౌస్ నాడు ఆ చివర నువ్వు నిలబడు రాధా," అంది. "ఎవరైనా ఆ చీటీ గురించి అడిగితే నువ్వే చెప్పు. రంగు ఎందుకు అలా ఉందో కూడా."

"సరే," అంది రాధారాణి.

మిస్ కార్మోడీ వెళ్లాక, జాహ్నవి సామాను ఇంకేమైనా ఉంటే ఆఫీసులో ఇద్దామని గది బయట కొక్కేల వరస దగ్గరకు వచ్చింది. అరలో ఏమీ లేదు, ఒక జుట్టు క్లిప్పు తప్ప. కొక్కేనికి మాత్రం ఒక చొక్కా వేలాడుతోంది. రంగులు అంటకుండా బట్టల మీద వేసుకోమని ఇంటినుంచి తెప్పించిన పాత చొక్కా. లేతనీలం చారలు, మగవాళ్ల ఆఫీసు చొక్కా, కాలరు అరిగి ఉంది. పొడుగు చేతుల్ని పిల్ల మణికట్టు దాకా లోపలికి మడిచి ఎవరో తెల్లదారంతో కుట్టారు. ఆ కుట్లు దూరం దూరంగా, వదులుగా ఉన్నాయి, కొస ముడి కూడా వేయలేదు, మళ్లీ ఎప్పుడైనా నాన్న ఆఫీసుకు వేసుకోవాల్సివస్తే ఒక్క లాగుకు ఊడివచ్చేలా.